ఆదివారం నెమ్మదించిన గుండె

డాక్టర్ ఎలీషా నా భార్య మహిమను చంపాడు. కత్తితో కాదు, తప్పుడు మందుతోనూ కాదు. ఫోను రిసీవర్ తీసి పక్కన పెట్టి పడుకున్నాడు. నేను డ్యూటీ మీదున్న దర్శి నుంచి తెల్లవార్లూ చేశాను. తెల్లవార్లూ ఎంగేజ్. పొద్దుటికి మహిమ లేదు. ఇది ఆరోపణ కాదు. ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు, ఆయన క్లినిక్ ముందు చీటీలు రాసే కుర్రాడికీ తెలుసు.

అందుకే ఆ మంగళవారం పొద్దున ఆయన చీరాలలోని నా డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కి వస్తే కుర్చీ చూపించలేదు. ఆయనా అడగలేదు. చంకలో ల్యాప్‌టాప్ ఉంది. చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్నాడు.

"జక్రయ్యగారూ, రంజాన్ బతికే ఉన్నాడు."

నేను చేతిలో పేపరు కింద పెట్టాను.

రంజాన్ పర్చూరు దగ్గర పత్తి రైతు. రెండేళ్ళ కిందట విత్తనాల కొట్టు ప్రకాశరావు అమ్మిన విత్తనాలు వేస్తే చేలు నడుమెత్తు పెరిగాయి, ఒక్క కాయ పట్టలేదు. ఊళ్ళన్నీ కలిసి కేసు పెట్టాయి. తర్వాత సాక్షులు ఒక్కొక్కరే మాట మార్చారు. మిగిలింది రంజాన్ ఒక్కడు. ఎల్లుండి గురువారం ఒంగోలు కోర్టులో అతను సాక్ష్యం చెప్పాలి. పోయిన బుధవారం ఇంట్లోంచి మాయమయ్యాడు. కాలువ గట్టు మీద అతని తోలు చెప్పులు, కండువా దొరికాయి. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ మార్కండేయులు మునిగి చనిపోయాడని రాసి ఫైలు మూశాడు.

"శవం దొరికిందా?" అన్నాను.

"దొరకదు. ఈ తెల్లవారుజామున అతని గుండె నుంచి నాకు కబురొచ్చింది."

"నిలబడి చెప్పండి. తొందరగా చెప్పండి."

ఆయన ల్యాప్‌టాప్ నా బల్ల మీద తెరిచాడు. "అతని గుండె బలహీనం. రక్తాన్ని గట్టిగా తోయలేదు. ఛాతీలో చర్మం కింద అగ్గిపెట్టెంత పరికరం పెట్టించాను. మంచం పక్కన ఇంకో పెట్టె ఉంటుంది. అతను పడుకున్నాక ఆ పెట్టె దగ్గర్నుంచే పరికరంతో మాట్లాడుతుంది. గుండె ఎలా కొట్టుకుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందా, అన్నీ తీసుకుని ఫోను లైను మీద పంపుతుంది. నేను ఇక్కడ కంప్యూటర్‌లో చూస్తాను."

"మనిషి పోయినా ఆ పరికరం ఆడుతూనే ఉంటుంది కదా."

"పరికరం ఆడుతుంది. గుండె ఆడదు. ఇవి అతని గుండె సొంతంగా కొట్టిన దెబ్బలు. నాకు తేడా తెలుసు."

"ఫోను ఎక్కడి నుంచి వచ్చింది?"

"తెలియదు. పేషెంటు ఎవరో తెలుస్తుంది, ఫోను ఎవరిదో తెలియదు. కంపెనీని అడిగాను. వారం పడుతుందన్నారు."

"వారం ఉంటాడా?"

ఆయన తెర మీద ఒక గీత చూపించాడు. మొదట చదునుగా ఉంది. బుధవారం తర్వాత కిందికి జారింది. చివరికొచ్చేసరికి దాదాపు నిలువుగా దిగింది.

"ఊపిరితిత్తుల్లో నీరు పెరిగేకొద్దీ ఈ గీత దిగుతుంది. మాత్రలు ఆపేశారు. రెండు రోజులు కూడా కష్టం."

"పోలీసులకి చెప్పారా?"

"పొద్దున్నే స్టేషనుకి ఫోన్ చేశాను. రైటర్ నవ్వాడు."

ఆయన నా దగ్గరికి ఎందుకొచ్చాడో అప్పుడు అర్థమైంది. ఈ చుట్టుపక్కల నవ్వని మనిషి నేనొక్కణ్ణే.

"ఇంకో సంగతి," అన్నాడు. "బుధవారం నుంచి కబురు లేదు. ఇవాళ తెల్లవారుజామున ఒక్కసారిగా అన్ని రోజులదీ కలిపి వచ్చింది."

"అంటే పెట్టె అన్నాళ్ళూ అతని పక్కనే ఉంది. ఫోను వైరు మాత్రం లేదు. నిన్న ఎవరో తగిలించారు."

"దాచినవాడు పట్టుబడే పని ఎందుకు చేస్తాడు?"

"పదండి. అది ఆ ఇంట్లో తెలుస్తుంది."

రంజాన్ ఇంట్లో అతని భార్య రసూల్‌బీ మమ్మల్ని పడగ్గదిలోకి తీసుకెళ్ళింది. నవారు మంచం, తలవైపు గోడకి చిన్న చెక్క. దుమ్ములో పెట్టె ఉన్నంత మేర శుభ్రంగా ఉంది. కింద ఫోను సాకెట్టు. వైరు లేదు. తెంపలేదు, ఒద్దికగా ఊడదీశారు. కరెంటు ప్లగ్గుకి అడ్డంగా ఉన్న ట్రంకు పెట్టె కూడా మళ్ళీ తోసి గోడకి ఆనించారు. దొంగ అంత శ్రద్ధ తీసుకోడు.

"పెట్టె ఎప్పుడు పోయిందమ్మా?"

"ఆయనతో పాటే, జక్రయ్యన్నా."

"సి.ఐ.కి చెప్పలేదా?"

"చెప్పాను. రేడియో పోయినా రాసుకోవాలా అన్నాడు."

"ఆ పెట్టె ఏం చేస్తుంది?"

"ఆయన గుండెని ఆడిస్తుంది."

డాక్టరు నోరు తెరిచాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"ఎవరు చెప్పారమ్మా?"

"ఒకరు చెప్పాలా? అది పెట్టాకేగా ఆయన లేచి చేలోకెళ్ళింది. ఒక వైరు కరెంటుది, ఒక వైరు ప్రాణానిది. రాత్రిపూట మా ఇంట్లో ఎవరినీ ఫోను ముట్టుకోనివ్వను. మా తమ్ముడు అయూబ్ ఒకసారి తీసి ఎవత్తికో చెయ్యబోయాడు. చెంప పగలగొట్టాను. బావని చంపుతావా అని."

"అయూబ్ ఎక్కడ?"

"హైదరాబాదులో పని దొరికింది. బుధవారమే వెళ్ళాడు. పాపం, ఈ సంగతి వాడికింకా తెలియదు."

నేను డాక్టరు వైపు చూశాను. ఆయనకీ తట్టింది. పెట్టెని తీసుకుపోయినవాడు రంజాన్ చావాలని కోరలేదు. పెట్టె లేకపోతే చస్తాడని నమ్మి తీసుకుపోయాడు. అలా నమ్మేది ఈ ఇంటి మనుషులే. నిన్న రంజాన్‌కి ఆయాసం పెరిగి ఉంటుంది. ప్రాణం వైరు తగిలించకపోవడం వల్లే అనుకున్నాడు. తగిలించాడు.

"కాలువ గట్టున దొరికిన చెప్పులు ఆయనవేనా?"

"ఆయనవే."

"ఆ రోజు అవే వేసుకున్నాడా?"

రసూల్‌బీ మంచం కిందికి చూసింది.

"కాళ్ళు పొంగి ఉన్నాయిగా అన్నా. డిసెంబరు నుంచీ హవాయి చెప్పులే. వాటికీ పట్టీ కోసి వదులు చేశాను. తోలువి ఇక్కడ మంచం కిందే ఉండేవి. సి.ఐ. తెచ్చి చూపిస్తే, ఆయనవే అన్నాను. తర్వాత మాట చెప్పబోతే, గుర్తుపట్టావు, చాలు, కథలొద్దన్నాడు."

బయట జీపు ఆగింది.

మార్కండేయులు వాకిట్లో బూట్లు విప్పకుండా లోపలికొచ్చాడు. నేను హెడ్ కానిస్టేబుల్‌గా ఉన్నప్పుడు అతను కొత్త ఎస్సై. నా చేత టీలు తెప్పించుకున్నాడు.

"ఏమయ్యా జక్రయ్యా. పెన్షను చాలడం లేదా?"

"చాలుతోంది సార్."

"డాక్టరుగారూ, మీరు కూడానా? మా రైటర్ చెప్పాడు. కాలువలో కొట్టుకుపోయినవాడి గుండె మీకు ఫోన్ చేసిందట. నాకూ ఒక నెంబరివ్వండి, మా నాన్నతో మాట్లాడి పదేళ్ళయింది."

వెనక కానిస్టేబుల్ నవ్వాడు. డాక్టరు ఎర్రబడ్డాడు. నేను అడిగాను.

"కాలువలో దూకేవాడు కాళ్ళకి పట్టని చెప్పులు మోసుకెళ్ళి గట్టున పెడతాడా సార్?"

అతని నవ్వు ఆగింది. "చచ్చేవాడు ఏ చెప్పులేసుకోవాలో నువ్వు చెప్తావా?"

"వేసుకోలేడు. పట్టవు. ఆయన కాళ్ళు మీరు చూడలేదు. చెప్పులు ఇక్కడి నుంచి తీసినవాడు కూడా ఆలోచించలేదు."

"మీ ఆవిడ పోయినప్పటి నుంచి నీకు ప్రతి చావూ హత్యలాగే కనిపిస్తోంది." అతను డాక్టరు వైపు కూడా ఒకసారి చూశాడు, మా ఇద్దరి సంగతీ తెలిసినట్టు. "సర్లే. ఇంతకీ ఆ ఫోను ఎక్కడి నుంచొచ్చింది?"

"తెలియదు," అన్నాడు డాక్టరు.

"ఏ ఊరి నుంచో కూడా తెలియదా?"

"తెలియదు."

"తెలిస్తే ముందు నాకు చెప్పాలి. ఇందులో వేలు పెడితే ఇద్దర్నీ లోపలేస్తా."

జీపు వెళ్ళిపోయింది. రసూల్‌బీ గుమ్మం పట్టుకుని నిలబడింది. "నా మనిషి బతికి ఉన్నాడా అన్నా?"

"ఉన్నాడు. సి.ఐ.కి కూడా తెలుసు."

"ఎలా తెలుసు?" డాక్టరు కారెక్కుతూ అడిగాడు.

"చచ్చాడని నమ్మినవాడు నిజంగా బతికున్నాడా అని అడుగుతాడు. వీడు ఎక్కడున్నాడని అడిగాడు. రెండుసార్లు."

కారు చెట్టు నీడన ఆపించి ల్యాప్‌టాప్ మళ్ళీ తెరవమన్నాను. ఇల్లు, పెట్టె, చెప్పులు చెప్పింది చాలు. ఇక గుండె చెప్పాలి.

"నీరు గీత కాకుండా ఇంకేముంది?"

"గుండె వేగం హద్దు దాటినప్పుడల్లా పరికరం ఆ సమయం గుర్తు పెట్టుకుంటుంది. ఇవిగో. కానీ ఇవి నాకు అర్థం కాలేదు. నీరు చేరినవాడికి రాత్రి పడుకుంటే దగ్గు, ఆయాసం. వేగం రాత్రి పెరగాలి. ఇతనికి పగలు పెరుగుతోంది. నడక లేదు, మంచం మీదే ఉన్నాడు. ఉన్నట్టుండి పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్ళీ పెరుగుతుంది."

"దగ్గు."

"కావచ్చు. పగలే ఎందుకు?"

చుక్కల వైపు చూశాను. పొద్దున పని వేళకి మొదలు. మధ్యాహ్నం అన్నాల వేళకి ఖాళీ. మళ్ళీ చీకటిపడే దాకా. గురువారం ఉన్నాయి, శుక్రవారం ఉన్నాయి, శనివారం ఉన్నాయి. ఆదివారం ఒక్క చుక్క లేదు. సోమవారం మళ్ళీ నిండా.

"డాక్టరుగారూ, మార్చి నెలలో ఈ చుట్టుపక్కల పగలంతా మనుషుల్ని దగ్గించేది ఏమిటి?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. రోడ్డు పక్కన కల్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి. "మిర్చి ఘాటు."

"కల్లంలో ఘాటు రాత్రీ పగలూ ఒకటే. ఇది తొడిమలు తీసే షెడ్డు. ఆడవాళ్ళు కాయలు కదిపినంతసేపే ముక్కు మండించే కోరు దుమ్ము లేస్తుంది. వాళ్ళు అన్నానికి లేస్తే ఆగుతుంది."

"ఇక్కడ యాభై షెడ్లుంటాయి."

"సీజనులో ఆదివారం మూసే షెడ్డు ఒక్కటే. మిగతావాటికి సోమవారం మార్కెట్ యార్డుకి సరుకు వెళ్ళాలి, మూయరు. చీరాల రోడ్డు మీద ఒకదాంట్లో కూలీలందరూ మా పేట ఆడవాళ్ళే. ఆదివారం ఆరాధన మానరు. రెట్టింపు కూలీ ఇస్తానన్నా రారు. ఓనర్లు తిట్టి తిట్టి ఊరుకున్నారు. నేను ఆ పేటలోనే పుట్టాను."

డాక్టరు కారు తిప్పాడు. ఆయన అంత వేగంగా నడపగలడని అనుకోలేదు.

షెడ్డు గేటు దాటగానే కళ్ళు మండాయి. ఎర్రటి రాశుల చుట్టూ ఆడవాళ్ళు, ముక్కులకి కొంగులు. మేస్త్రీ గురవమ్మ నన్ను చూసి లేచింది. నా చిన్నప్పుడు వీపు మీద చరిచిన చెయ్యి.

"ఏరా జక్రయ్యా. మహిమని పూడ్చాక చర్చి గడప తొక్కలేదు. ఇక్కడికి తొడిమలు తియ్యడానికొచ్చావా?"

"అత్తా, ఇక్కడ ఎవరు దగ్గుతున్నారు?"

"అందరమూ దగ్గుతున్నాం. కళ్ళు పోయాయా?"

"మీరు కాకుండా."

ఆమె కొంగు దించింది. "వెనక గదిలో. కొత్త గుమాస్తా వాళ్ళ బావట. టీబీ అన్నాడు. మా పిల్లలకంటుతుందని ఎవ్వరం అటు పోలేదు."

కొత్త గుమాస్తా ఆఫీసు గదిలోంచి బయటికొచ్చాడు. పాతికేళ్ళుంటాయి. రసూల్‌బీ ముక్కే. నన్ను, డాక్టర్ని చూసి గోడకి అతుక్కున్నాడు.

"అయూబ్," అన్నాను, "హైదరాబాదు ఇంత దగ్గరికి ఎప్పుడు జరిగిందిరా?"

వాడు పారిపోలేదు. డాక్టరు చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. "మీరొచ్చారా సార్. నిన్నటి నుంచి అడుగుతున్నాను, డాక్టర్ని తెమ్మని. రండి సార్."

తాళం తీశాడు. గదిలో రంజాన్ మిర్చి టిక్కీ బస్తాలకి ఆనుకుని కూర్చున్నాడు. పడుకోలేడు. పెదాలు నీలంగా ఉన్నాయి. కాళ్ళు మోకాళ్ళ దాకా నున్నగా, మెరుస్తూ పొంగి ఉన్నాయి. పక్కన టిక్కీ మీద ఆ పెట్టె. దానికింద ఉతికిన తువ్వాలు పరిచి ఉంది. ఒక వైరు ప్లగ్గులో, రెండోది గుమ్మం మీదుగా ఆఫీసు ఫోనులోకి. మధ్యలో మూడుచోట్ల అతుకులు, అతుకుల మీద బ్యాండేజీ పట్టీ.

డాక్టరు మోకాళ్ళ మీద కూర్చుని సంచి విప్పాడు. సూది గుచ్చేదాకా ఎవరివైపూ చూడలేదు.

"రెండూ తగిలించానన్నా," అన్నాడు అయూబ్. "కరెంటుదీ, ప్రాణానిదీ. అయినా తగ్గలేదు."

"ఎవరు దాచమన్నారు?"

"సి.ఐ. గారు. కోర్టుకి వెళ్ళేలోపు ప్రకాశరావు మనుషులు బావని చంపుతారని చెప్పారు. గురువారం దాకా ఎవరికీ తెలియకుండా పెట్టు, అక్కకి కూడా చెప్పొద్దు, ఆరోజు నేనే జీపులో తీసుకెళ్తానన్నారు. ఈ గుమాస్తా పని కూడా ఆయనే ఇప్పించారు. వాళ్ళు వెతకడం మానాలంటే చచ్చిపోయాడనుకోవాలి, చెప్పులూ కండువా తెమ్మన్నారు. తెచ్చిచ్చాను."

"మాత్రలో?"

"అయిపోయాయని శనివారమే చెప్పాను. గురువారం కానివ్వు, చూద్దామన్నారు."

గురవమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. "ఒరేయ్ పిచ్చి సన్నాసీ," అంది అయూబ్‌తో, "ఈ షెడ్డు ఎవరిదనుకుంటున్నావు?"

"ఎవరో కామేశ్వరమ్మగారిదని బోర్డు మీద..."

"ప్రకాశరావు పెళ్ళాంరా ఆవిడ."

అయూబ్ చేతిలోని తాళంచెవి వైపు చూసుకున్నాడు. బావని ఎవరికి దొరక్కూడదని దాచాడో వాళ్ళ గదిలోనే దాచాడు. వారం రోజులు కాపలా కూడా కాశాడు. గురువారం దాటేదాకా రంజాన్ ఈ గదిలో బతికుంటే కోర్టు తప్పుతుంది. ఉండకపోతే జబ్బుతో పోయాడు, చెయ్యి ఎవరిదీ కాదు. దాచింది బామ్మర్ది.

డాక్టరు సెల్‌ఫోను తీసుకుని ఒంగోలులో సర్కారు లాయర్‌కి చేశాను. సాక్షి బతికున్నాడన్నాను, షెడ్డు ఎక్కడో చెప్పాను. ఎస్పీగారికి చెప్పి మనుషుల్ని పంపిస్తాను, గంటన్నర ఆగమన్నాడు.

"గంటన్నర ఆగలేం," అన్నాడు డాక్టరు. "ఆక్సిజన్ పెట్టాలి. కార్లో ఎక్కించండి."

నేను పెట్టె వైర్ల మీద చెయ్యి వేశాను. అయూబ్ నా మణికట్టు మీద పడ్డాడు. "తియ్యొద్దన్నా. తీస్తే పోతాడు. నా కళ్ళ ముందే పోతాడు." వాడి గోళ్ళు నా చర్మంలో దిగాయి.

"అయూబ్," డాక్టరు అన్నాడు, "అది వినడానికేరా. కొట్టుకునేది ఆయన గుండే."

వాడు వినలేదు. నమ్మకం మాటతో వదలదు. అప్పుడు రంజాన్ చెయ్యెత్తాడు. ఒక్కొక్క మాటకీ ఊపిరి తీసుకుంటూ అన్నాడు.

"తియ్యరా... వెధవా. నేను... కోర్టుకెళ్ళాలి."

అయూబ్ తన చేత్తోనే రెండు వైర్లూ తీశాడు. కళ్ళు మూసుకుని తీశాడు. తెరిచి బావ ఛాతీ వైపు చూశాడు. ఛాతీ లేచింది, దిగింది, మళ్ళీ లేచింది. వాడు ఏడ్చాడు.

నలుగురం కలిసి రంజాన్‌ని కారు వెనక సీట్లో కూర్చోబెట్టాం. డాక్టరు పక్కన ఎక్కి నాడి పట్టుకున్నాడు. అయూబ్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. నేను ముందు తలుపు తీశాను.

గేటు అవతల జీపు ఆగింది. హారన్ కొట్టలేదు. ముగ్గురు దిగారు. ముందున్నవాడు మార్కండేయులు. మేము ఆ ఇంటి నుంచి ఎటు వెళ్తామో చూసుకుంటూ వెనకే వచ్చాడు. రివాల్వర్ ఒర మీద బొత్తాము విప్పి ఉంది.

గురవమ్మ గడియ వేసింది. ఆడవాళ్ళు రాశుల దగ్గర నుంచి లేచి, ఒక్కొక్కరే వచ్చి గేటు ముందు నిలబడ్డారు. చేతుల్లో చాటలు, చాటల నిండా మిరప గింజలు. ఎవరూ చెప్పలేదు.

"గేటు తీయ్ జక్రయ్యా," బయటి నుంచి మార్కండేయులు అన్నాడు. గొంతు మామూలుగా ఉంది. "బావని ఎత్తుకొచ్చినవాణ్ణి దాచావని రాస్తాను. అయూబ్‌ని ఇవ్వు. పేషెంటుని మేం తీసుకెళ్తాం."

"ఎక్కడికి?" అన్నాను.

గేటు ఊగింది.

"జక్రయ్యగారూ." కారులోంచి డాక్టరు పిలిచాడు. రంజాన్ మణికట్టు వదలకుండానే నా వైపు వంగాడు. "నేను ఇతన్ని వదిలి దిగను. కాల్చినా దిగను. ఆ రాత్రి మహిమగారికి నేను..."

"మీరు ఇతని నాడి చూడండి."

"ఒక్కమాట చెప్పనివ్వండి. ఆ రోజు..."

"డాక్టరుగారూ. ఇతను బతికితే ఇతను బతికాడు. అంతే. నా లెక్కలో మీది అలాగే ఉంటుంది. మీరు చెప్పొద్దు, నేను వినను."

ఆయన మళ్ళీ రంజాన్ నాడి మీదికి వంగాడు. నేను కారు తలుపు వేసి గేటు వైపు నడిచాను. ఆ తర్వాత రంజాన్ సాక్ష్యం చెబుతుంటే ఆయనతో కోర్టులో పక్కపక్కన కూర్చున్నాను, ఒకే కారులో తిరిగాను. మహిమ పేరు ఆయన ముందు ఎత్తలేదు. ఎత్తను. ఎవరి ముందూ ఎత్తను.